సింహపురి నీటిసింగము

మన దేశమున నే యూరికి బోయినను ఆ యూరి పేరునకొక కథ చెప్పువారు దొరకుదురు. బండమీది గుంటను జూపి రాములవారి పాదమందురు. కొండను జూపి భీముడు విసరిన ముద్ద యందురు. ఆ కథను మొట్టమొదట జెప్పినవారెవరో, ఏ యేట జెప్పిరో యెవ్వరెరుగరు. అడుగవలెనని యెవ్వరికిని దోచదు. అట్లుగాక, ఒక మహానగరమునకు గుర్తుగా నిలిచిన వింతమృగమును ఫలానా యేట ఫలానా యుద్యోగి కాగితముమీద గీసెననియు, ఫలానా శిల్పి యిన్ని నెలలలో గట్టెననియు ఆ యూరివారే లెక్క చెప్పుట మాకు గ్రొత్తగా నుండెను. ఆ మృగమును 2019వ సంవత్సరపు వేసవి సెలవులలో మేము సింగపూరున జూచితిమి. తల సింహముది, ఒడలు చేపది. ఆంగ్లమున దానిని మెర్లయన్ అందురు. మత్స్యకన్యకు వారి భాషలోనున్న పేరును విరిచి, ముందుతునకను సింహమునకు దగిలించి చేసిన మాట యది. మేము దానిని నీటిసింగమని పిలుచుకొంటిమి. ఈ వ్యాసమున నదే పేరు వాడుదుము.

మా మరిదియు తోడికోడలును ఉద్యోగరీత్యా అచ్చట గాపురముండుటచేత మాకీ ప్రయాణము తటస్థించినది గాని, బడిపంతులుగారి జీతముతో సముద్రము దాటుదుమని కలగన్నవారము కాము. మా అత్తగారు, మా వారు, అప్పటి కెనిమిదేండ్ల మా చిన్నది, మేము, నలుగురమును విశాఖపట్టణమున రాత్రి విమానమెక్కి తెల్లవారుసరికి దిగితిమి. అచ్చటి గడియారము మన గడియారముకంటె రెండున్నర గంటలు ముందు. "ఆ రెండున్నర గంటల నిద్రయు నెవరు తిన్నట్లు?" అని అత్తగారు నాలుగు దినములవరకు అడుగుచునే యుండిరి. ఆ నగరపు శుభ్రతను గూర్చియు, మేడలను గూర్చియు ఇదివరకే పలువురు వ్రాసియున్నారు గనుక ఆ ప్రసంగము విడిచి సింగము కడకే వచ్చెదము.

మొదట పేరు. మలయువారు ఆ యూరిని 'సింగపురా' యందురు. సంస్కృతపు సింహపురమే యది. సింహము తెలుగున సింగమగును గనుక సింగపూరన్నప్పుడు మన చెవికది పరదేశపు మాటగా వినబడనే వినబడదు. మా శ్రీకాకుళము చెంతనే సింగుపురమను గ్రామము కలదు. ప్రాచీన కళింగరాజుల శాసనములలో రాజధానిగా వచ్చు సింహపురమదియేయని చరిత్రకారులు గుర్తించిరి. నెల్లూరునకు విక్రమసింహపురి యని పేరుండుట తిక్కన సోమయాజిగారి పేరు విన్న వారికెల్ల దెలిసినదే. మనుమసిద్ధి యేలుబడిలో తిక్కనగారు ఆ సింహపురమున నుండినది 13వ శతాబ్దమున. ఆ శతాబ్దమే ముగియుచుండగా, 1299వ ప్రాంతమున, సముద్రమున కావల నింకొక సింహపురము వెలసెనని మలయువారి కథ. ఇందుకు మనవారు గర్వపడుట కద్దు. మన సంస్కృతము ఓడలెక్కి యంతదూరము పోయినందుకు సంతోషింపవచ్చును గాని, ఊరే మనదైనట్లు మాటలాడుట తగదు. పేరు పుట్టింటినుండి పోయిన చీరవంటిది. కట్టుకొన్నవారి దది.

అంతకు బూర్వము ఆ దీవికి తెమాసెక్ అని పేరు. సముద్రపుటూరని దానికర్థము చెప్పుదురు. 1365లో జావాదేశపు కవి రచించిన 'నాగరకృతాగమ'మను కావ్యమున నీ పేరే తుమాసిక్ అని కనబడుచున్నది. సముద్రపుటూరు, సింహపురము: సోదరీమణులీ రెండు పేళ్ళను గుర్తుంచుకొందురుగాక. చేపతోకయు, సింహపుదలయు వీనినుండియే వచ్చినవి.

ఇక కథ. 'సెజారా మెలాయు' అను పేర మలయురాజుల వంశచరిత్ర యొకటి కలదు. అందు పాలెంబాంగు రాజకుమారుడు సంగ్ నీల ఉత్తమ యనువాని వృత్తాంతము వచ్చును. నీల యుత్తమ! పేరు వినగనే మన చుట్టములబ్బాయివలె దోచునుగదా. ఆతడు బింతాను దీవికడ వేటాడుచు నొక యెత్తైన బండ యెక్కి చూడగా, సముద్రమున కావలి దరిని ఉతికి యారవేసిన వస్త్రమువలె తెల్లని యిసుక కనబడెను. అదియే తెమాసెక్ అని యనుచరులు చెప్పిరి. ఓడలెక్కి బయలుదేరిరి. నడిసముద్రమున తుపాను పట్టుకొనెను. ఓడలోనికి నీరు వచ్చెను. ఉన్న సామానంతయు నీటిపాలు చేసినను ఓడ తేలదయ్యెను. చివరకు నావికులు కుమారుని తలమీది కిరీటమును జూపిరి. ఆతడు దానిని దీసి సముద్రమున వైచెను. వెంటనే గాలి యణగెను.

దరిచేరి యడవిలో దిరుగుచుండగా నొక జంతువు మెరుపువలె వారి యెదుటనుండి పోయెను. ఎర్రని యొడలు, నల్లని తల, తెల్లని రొమ్ము, మేకపోతుకంటె కొంచెము పెద్దది, మిక్కిలి చురుకైనది. ఇదేమి జంతువని కుమారుడడిగెను. ఎవ్వరికిని దెలియదు. చివరకొక పెద్దవాడు, పూర్వకాలమున సింహమిట్టి యాకారము గలదిగా నుండెనని విన్నామనియు, ఇది యదియే కావచ్చుననియు జెప్పెను. కుమారుడు సంతసించి, అచ్చటనే పురము నిర్మింపజేసి దానికి సింహపురమని పేరు పెట్టెను.

ఆ దీవిలో సింహములెన్నడును లేవు. పులులు మాత్రము మెండు. 19వ శతాబ్దమున మిరియపు తోటలలో బనిచేయు కూలీలను బెక్కుమందిని అవి పొట్టనబెట్టుకొనినవి. కనుక నీల యుత్తముడు చూచినది పులియై యుండునని కొందరందురు. ఎర్రని యొడలికి నల్లని తలయున్న పులి యెక్కడిదో మాకు దెలియదు. మాకు ముచ్చట గొలిపినది వేరొకటి. సింహమును జూడని పెద్దవాడు సింహమని చెప్పగా, సింహమును జూడని రాజు నమ్మి, సింహములు లేని దీవికి సింహపురమని పేరు పెట్టెను! నవ్వవలదు. మన ప్రబంధములలో నాయికను సింహమధ్య యని వర్ణించిన కవులలో సింహపు నడుము చూచినవారెందరు? మనము చదివి తలయూచుచున్నాముగదా.

ఇట్లు పేరు పాతదే, కథ పాతదే. నీటిసింగము మాత్రము 1964లో బుట్టినది. ఆ యేడే సింగపూరు ప్రభుత్వము యాత్రికులను రప్పించుటకొక మండలిని స్థాపించెను. ఆ మండలికొక ముద్ర కావలసివచ్చెను. మన చాళుక్యులకు వరాహలాంఛన ముండెనని చదువుకొన్నాముగదా, అట్టిదే యనుకొనవచ్చును. దానిని గీసినవాడు అలెక్ ఫ్రేజర్ బ్రన్నర్ అను బ్రిటిషువాడు. ఆయన వృత్తిచేత చిత్రకారుడని తలంపకుడు. మత్స్యశాస్త్రమున బండితుడు, ఆ యూరి వాన్ క్లీఫ్ చేపల ప్రదర్శనశాలకు అధికారి. చేపల నడుమ బ్రతికినవానిని సింహమును గీయుమనిన తోక యెట్లు వచ్చునో వేరుగ జెప్పనక్కరలేదు. 1966లో ఆ ముద్రను మండలివారు తమ సొత్తుగా రిజిస్టరు చేయించుకొనిరి. 1997 వరకు దానినే వాడిరి. సింగపూరు మలేషియానుండి విడివడి స్వతంత్రదేశమైనది 1965 ఆగస్టు 9వ తేదీని. అనగా దేశముకంటె దేశపు గుర్తు ఒక యేడు పెద్దది! ఆ చేపల శాల యిప్పుడు లేదు, పడగొట్టిరి. ఆ శాల యధికారి గీసిన చేపతోక మాత్రము నదిముఖమున నిలిచియున్నది.

విగ్రహమునకు నమూనా గీసినవాడు క్వాన్ సై కియాంగ్. తరువాతి కాలమున నాయన సింగపూరు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలర్ అయ్యెను. ఈ సంగతి విని మా వారు, చదువు చెప్పువారి చేయి పడనిదే యేపనియు బాగుపడదని రెండుమారులు సెలవిచ్చిరి. కట్టిన శిల్పి లిమ్ నాంగ్ సెంగ్. 1971 నవంబరు మొదలు 1972 ఆగస్టు వరకు ఆయనయు, ఆయన బిడ్డలు ఎనమండుగురును గలిసి పని చేసిరి. ఒడలు సిమెంటుతో బోసిరి. పైచర్మమునకు పింగాణి పళ్ళెములు వాడిరి. కన్నులకేమి పెట్టిరో యూహింపుడు: ఎర్రని చిన్న తేనీటి గిన్నెలు! సోదరీమణులారా, ఈ మాట వినినదాదిగా మాకా సింగముతో నేదో బంధుత్వము కుదిరినట్లయ్యెను. వంటయింటి బీరువాలోనుండి పళ్ళెములును గిన్నెలును బోయి యొక నగరపు ముఖమై కూర్చున్నవి. ఆ యింటి యిల్లాలు ఎనమండుగురు బిడ్డలకును వేళకు వండిపెట్టి పనికి బంపియుండవలెను. ఆమెను గూర్చి యే పుస్తకమునందును మేము చదువలేదు.

1972 సెప్టెంబరు 15వ తేదీని ప్రధానమంత్రి లీ క్వాన్ యూ నదిముఖమున నా విగ్రహమును ఆవిష్కరించెను. ఎత్తు 8.6 మీటర్లు, అనగా ఇంచుమించు 28 అడుగులు. బరువు 70 టన్నులు. నోటినుండి నీరు పైకుబికి దూరముగా బడును. దానివెనుక బిల్లసింగ మొకటి కలదు. దాని యెత్తు 2 మీటర్లు.

మేము చూడబోయినది ప్రాతఃకాలమున. భూగర్భపు రైలులో రాఫిల్స్ ప్లేసను చోట దిగి, ఆకాశమునంటు కచ్చేరీమేడల నడుమ గొంతదూరము నడచితిమి. ఎండ మనయెండవంటిదే గాని గాలిలోని చెమ్మచేత చీర యొంటికంటుకొనును. మలుపు తిరుగగనే ఎదుట విశాలమైన నీరు, నీటియంచున తెల్లని సింగము వెన్ను మనవైపు పెట్టి నిలుచుండెను. ముందునుండి చూచుటకు మెట్లు దిగి, నీటిమీదికి గట్టిన వంతెనవంటి యరుగుమీదికి బోవలెను. టిక్కెట్టు లేదు, ద్వారము లేదు. అచ్చటి జనమును జూచిన నవ్వాగదు. ఒకడు దూరమున నోరు తెరచి నిలుచుండును. వాని స్నేహితుడు ఫోటో తీయును. ఫోటోలో సింగము నోటినీరు తిన్నగా వాని నోట బడుచున్నట్లు కనబడునట. ఒకామె దోసిలి పట్టెను, ఒక పిల్లవాడు గొడుగు తిరగవేసి పట్టెను. మా మరిదియు మా వారిని అట్లే నిలువబెట్టెను. ఇరువది సంవత్సరములుగా పిల్లల నోళ్ళు మూయించిన పంతులుగారు నోరు తెరచి నిలుచుట మాయింట నిదివరకు జరుగలేదు.

మా అత్తగారు మాత్రము చెప్పులు విడిచి, తూర్పునకు దిరిగియున్న యా సింగమునకు చేతులు జోడించిరి.

"మామ్మా, ఇది దేవుడు కాదు. ఆఫీసువారు గీయించిన బొమ్మయని బాబాయి చెప్పెను" అని మా చిన్నది నవ్వినది.

"మన గుడిలోని స్వామిని మాత్రము శిల్పి చెక్కలేదటే? నీళ్ళిచ్చుచున్నది, దండము పెట్టితిని, నీకేమి నష్టము?" అని అత్తగారు బదులు చెప్పి, "అమ్మాయీ, ఇదే యుగము నాటిదమ్మా?" అని మమ్మడిగిరి.

మేము 1972 అంటిమి. "అయిన నాకంటె చిన్నది" అని వారు మరల చెప్పులు తొడుగుకొనిరి.

ఆ దినమంతయు మా యింట నీ చర్చయే జరిగెను. మా వారు, యాత్రికుల డబ్బునకు వేసిన యెర యిది, దీనికి పురాణమేమి యనిరి. అందు సగము నిజమని మేమొప్పుకొందుము. ఆ దేశపు కవులును దీనిని గూర్చి చాల వాదులాడుకొనిరి. ఎడ్విన్ తంబూ యను కవి 1979లో, గ్రీకు పురాణపు నావికవీరుడు యులిసీజ్ ఈ సింగము నెదుట నిలుచున్నట్లు ప్రసిద్ధమైన పద్యము రచించెను. తరువాతి కవులు కొందరు, తోకయు తలయు పొసగని దీనిని మా గుర్తనుటేమని యెత్తిపొడుచుచు వ్రాసిరి. పొసగకపోవుట మాత్రము మాకు దోషముగా దోపలేదు. మన గుళ్ళ స్తంభములమీద సింహపు మోమునకు ఏనుగుతొండము గల యాళులున్నవి. మకరతోరణములోని మకరము మొసలియో, చేపయో, ఏనుగో చెప్పగలవారెవరు? రెండుతలల గండభేరుండము రాజముద్రయైనది. అన్నిటికి మించి, నరుడును సింహమును గలిసిన రూపమునే మనము ఇలవేల్పుగా గొలుచుచున్నాము. మా పక్షమున నొకమాట: చీనులు, మలయువారు, తమిళులు, ఇంకెందరో కలిసి బ్రతుకు నూరది, ప్రభుత్వభాషలే నాలుగు. వారిలో నొకరి దేవతను దెచ్చి నడివీథిని నిలిపిన మిగిలినవారి మాట యేమి? ఈ సింగ మెవ్వరి కులదైవమును గాదు. అందుచేతనే అందరి బిడ్డలును దానియెదుట నోరు తెరచి ఫోటోలు దీయించుకొనుచున్నారు.

అత్తగారికి మాత్రము ఆ సాయంకాలము వేరొక సింహము దొరకెను. సెరంగూను వీథిలో శ్రీనివాస పెరుమాళ్ళ కోవెల యున్నది. 1855 నాటి యా కోవెల మొదట నరసింహ పెరుమాళ్ళదిగానే పేరొందినది. 1960 తరువాతనే శ్రీనివాసుని పేర బిలువబడుచున్నది. సింహాద్రి యప్పన్నకు ఏటేట ముడుపు గట్టు మా అత్తగారు, "సింహపురమునకు మన స్వామి వీరి బొమ్మకంటె నూరేండ్లు ముందే వచ్చి కూర్చుండెను" అని లెక్కవేసి, ఆనాటి తగవులో తామే గెలిచినట్లు ప్రసాదము పంచిరి.

నీటిసింగము బ్రతుకు పేరునకు దగినంత నిశ్చింతగా సాగలేదు. 1997లో నదిముఖమున కడ్డముగా ఎస్ప్లనేడ్ వంతెన వచ్చుటచేత సముద్రమునుండి చూచువారికి సింగము మరుగుపడెను. 2002లో 70 టన్నుల విగ్రహమును పైకెత్తి 120 మీటర్ల దూరమున నిప్పుడున్న చోటికి జేర్చిరి. 2009 ఫిబ్రవరి 28వ తేదీని తలమీద పిడుగుపడి పెంకూడెను. కొలది వారములలో బాగుచేసిరి. 2011లో జపానుదేశపు కళాకారుడు తాత్సు నిషి దాని తలచుట్టును పడకగది కట్టి కొన్ని వారములు హోటలుగా నడపెను. నిద్రలేచి కన్నుదెరచిన మంచము ప్రక్కనే సింగపుదల! 2008లో సముద్రపు పాయకు అడ్డుకట్ట వేసిన తరువాత ఆ యుప్పునీరు క్రమముగా మంచినీరైనది. కనుక సముద్రపుటూరికి గురుతైన సింగమిప్పుడు నిలుచున్నది మంచినీటి చెరువుగట్టున.

దీనికంటె నాలుగింతలు పెద్దదియగు సింగము సెంతోసా యను దీవిలో నుండెను. 37 మీటర్లు. 1990ల నడుమ గట్టిరి. దాని కడుపులోనికి బోయి, పైకెక్కి, నోటిలో నిలుచుండి సముద్రమును జూడవచ్చును. మేము చూచితిమి. సింహపు కోరల నడుమ నిలుచున్న మా చిన్నది, ప్రహ్లాదునివలె, ఇసుమంతయు భయపడలేదు. మేమింటికి వచ్చిన నాలుగైదు నెలలకు, అక్టోబరు 20వ తేదీని దానిని మూసివేసిరనియు, విహారవీథి వేయుటకై పడగొట్టుచున్నారనియు మా తోడికోడలు ఫోనులో జెప్పినది. మా చిన్నది ఆ రాత్రి అన్నము సరిగా దినలేదు. "నేను దాని నోట్లో నిలుచుంటిని గదా" యనును. మా వారు, నిన్న గట్టినదానిని నేడు పడగొట్టుట సులువు, వేయేండ్లనాటిదైన ఎవరును చేయి వేయరు అని సమాధానపరచిరి. కాని ఆ మాట నిజము కాదని ఆ నదిముఖమే సాక్ష్యము చెప్పుచున్నది.

నీటిసింగమున్న యా ప్రాంతముననే, నది సముద్రమున గలియుచోట, ఒకప్పుడు పదియడుగుల యెత్తుగల శాసనశిల యుండెను. 1819లో ఆంగ్లేయులు దిగి యడవి కొట్టించుచుండగా కూలీలకు గనబడినది. దానిమీద ఇంచుమించు 50 పంక్తుల వ్రాత. మలయువారి కథ ప్రకారము ఆ బండను అచ్చటికి విసరినవాడు బాదాంగ్ అను బలశాలి. ఆ కథలో మన ప్రస్తావనయు గలదు. 'కెళింగ్' దేశపు రాజు, అనగా కళింగమనుపేర వారు చెప్పుకొను మనదేశపు రాజు, తన మల్లుని ఏడు ఓడల సరకు పందెమునకు బంపెనట. మనవాడు ఆ బండను మోకాళ్ళవరకే యెత్తగలిగెను. బాదాంగ్ దానిని బంతివలె ఎత్తి నదిముఖమునకు విసరెను. ఏడు ఓడలును మనము పోగొట్టుకొంటిమి.

ఆ వ్రాతను జదువుటకు పలుదేశముల పండితులు ప్రయత్నించిరి; ఎవ్వరికిని సాధ్యము కాలేదు. 1843లో కోటపని నిమిత్తము స్థలము కావలెనని ఇంజనీరు దానిని మందుగుండు పెట్టి పేల్చివేయించెను. ఆ కాలమున మలయుభాషలో బ్రసిద్ధుడగు మున్షీ అబ్దుల్లా తన స్వీయచరిత్రలో నీ సంగతి వ్రాసి దుఃఖించెను. జేమ్సు లో యను సైనికాధికారి కొన్ని తునుకలు ఏరి కలకత్తాకు బంపెను. అందొకటి 1918లో మరల సింగపూరు చేరినది. ఇప్పుడది వారి జాతీయ ప్రదర్శనశాలలో నున్నది.

తిరుగుప్రయాణమునకు ముందుదినమున మేమది చూడబోయితిమి. సింగము చుట్టును నూర్లకొలది జనము. ఈ తునుక యెదుట మేము నలుగురమే. పలక బల్లంత రాయి. గుండ్రని యక్షరములు వరుసలుగా నున్నవి. కొన్ని మన పాత తెలుగు శాసనముల యక్షరములవలె దోచును, దగ్గర జూచిన నేదియు కాదు. సంస్కృతమనియు, పాత జావాభాష యనియు పండితులు పలువిధముల జెప్పుదురు గాని నేటివరకు చదివినవారు లేరు. సంగ్ నీల ఉత్తముడే వచ్చెనో, వేరొక రాజో, సింహమో పులియో, ఆ 50 పంక్తులలో నుండియుండవచ్చును. కిరీటము సముద్రములో బోయెను. శాసనము మందుగుండునకు బోయెను. మిగిలినది తేనీటి గిన్నెల కన్నుల సింగము. మా చిన్నది తన నోటుపుస్తకము దీసి యక్షరముల నొక్కొక్కటిగా దింపుకొన మొదలుపెట్టెను. రెండు వరుసలైన పిమ్మట మూయు వేళయైనదని కావలివాడు మర్యాదగా జెప్పెను.

మా అత్తగారి యూర చెరువు రేవున బట్టలుదుకు బండ యొకటి కలదు. దాని క్రిందివైపున వ్రాత యున్నదని వారెప్పుడో జెప్పియుండిరి. మే మంతగా వినలేదు. సెంతోసా సింగము వార్త వచ్చిన తరువాత మా చిన్నది దానిని జూపుమని పట్టుబట్టెను. ఆ సంక్రాంతికి పంచాయతీవారి యనుమతితో నలుగురు మనుష్యులను బిలిచి తిరగవేయించితిమి. రేవున వేరొక బండ వేయించి, దీనిని బడి యావరణలో వేపచెట్టు క్రింద నిలిపితిమి. సబ్బునురుగు, సుద్ద, పాచి కడుగుటకే మూడు దినములు పట్టెను. మొదట స్వస్తిశ్రీ యనియు, దానిక్రింద శకవర్షపు అంకెలలో రెండును ఇంతవరకు చదువగలిగితిమి. మూడవ యంకె దగ్గర రాయి పెచ్చులూడియున్నది.